తల నిమిరే చెయ్యి

వదినా,

అత్తను కొన్నాళ్లు కోవూరు తీసుకెళ్లి నీ దగ్గర ఉంచుకో. నన్ను ఏమన్నా అనుకో. ఫోన్లో చెబుదామంటే ఆమె నా పక్కనుంచి కదలదు, అందుకే రాస్తున్నాను.

మీ తమ్ముడు పోయి నాలుగు నెలలైనా నాకు నిద్ర పట్టడం లేదు. కళ్లు మూతపడే సమయానికి గుండె దడదడలాడి, ఊపిరి అందక లేచి కూర్చుంటాను. నెల్లూరు డాక్టరు చెప్పినట్టు మెల్లగా గాలి పీల్చి వదిలితే కాస్త తగ్గుతుంది. అప్పుడు అత్త నా తల నిమురుతూ, "ఆ పొద్దు నువ్వు నిద్రలో ఉండావు. నీ తప్పేముంది? పడుకో తల్లీ" అంటుంది. ఆ మాటతో దడ మళ్లీ మొదలవుతుంది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం. నేను రొయ్యల గుంట గట్టు మీది షెడ్డులో గోడవైపు తిరిగి పడుకున్నాను. కరెంటు పోయిన సమయం చూసి, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటరుకు తెగిన వైరు అతికించడానికి ఆయన నీళ్లలోకి దిగాడు. "కరెంటొచ్చిందా మే?" అని రెండుసార్లు కేకేశాడు. నా నెత్తిన ఫ్యాను తిరుగుతూ ఉంది. అరవనీలే అనుకున్నాను. నేను పలకకపోయేసరికి, రాలేదనుకుని వైరు పట్టుకున్నాడు.

నేను నిద్రపోయాననే అందరూ అనుకున్నారు. పెద్దకర్మ నాడు నువ్వూ నన్ను పట్టుకుని అదే అన్నావు. నేను కాదనలేదు.

ఈ సంగతి అత్తకు నువ్వే చెప్పు వదినా. విన్న తర్వాత కూడా నా తల నిమురుతానంటే, తీసుకురా.

నీ మరదలు