తోంకా పక్క బండ

ప్రియమైన షిమెకు,

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగున్నాం. ఆవిడ మాట మోకాళ్ళు ఒక్కటే వినడం లేదు, మిగతా ఇల్లంతా వింటోంది. నువ్వూ నీ ఓడా నీ నడుమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఓడలో వంటవాడు మారాడని చదివి నీకంటే నేనే ఎక్కువ సంతోషించాను.

చేపల బజారు తెరిచారు. పాత కప్పు పీకేశారా అని అడిగావు. లేదు షిమె. ఆ ఇనప కమానులన్నీ విప్పి, తుప్పు గీకి, రంగు వేసి మళ్ళీ అక్కడే నిలబెట్టారు. మేం చేపలు పరిచి అమ్మే రాతి బండలకు అంకెలు రాసి లారీ ఎక్కించిన రోజు గుర్తుందా? ఇక వాటి మొహం మళ్ళీ చూసేది లేదని నా పక్క బండ తోంకా శాపనార్థాలు పెట్టింది. ఒక్కటీ పోలేదు. మన అమ్మమ్మల చేతులకు అరిగి గుంటలు పడ్డ బండలు ఆ గుంటలతోనే తిరిగొచ్చాయి. వాటి కింద మాత్రం అంతా కొత్తే. వాన పడితే రబ్బరు బూట్లలోకి వచ్చే ఆ మురుగు ఇప్పుడు ఎటు పోతుందో కూడా తెలియదు. మంచు కోసం రేవు దాకా బండి తోసుకుంటూ వెళ్ళక్కర్లేదు, గోడ పక్క యంత్రం నుంచి పారతో ఎత్తుకోవడమే. ఈ పని చేసినవాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి.

నా చేతుల సంగతి అడిగావు. ప్రతి బండకూ వేడినీళ్ళ కుళాయి పెట్టారు! కొండల మీంచి దిగే బురా చలిగాలి కోసేస్తున్న పొద్దున చేపలు కడిగి, చేతులు దాని కింద పెట్టి అలాగే నిలబడిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వకు. పగుళ్ళు మానుతున్నాయి. ఇంకో విడ్డూరం, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టారు, లోపల గడియతో సహా. ఇన్నేళ్ళూ దాని కోసం ఎదుటి కొట్టులో అక్కర్లేని కాఫీ కొనుక్కుని తాగడం, ఆ కాఫీ వల్ల మళ్ళీ పరుగెత్తడం నీకు తెలిసిందే. మొదటిరోజు అందరం వరసగా వెళ్ళి చూసొచ్చాం, చర్చిలో కొత్త విగ్రహాన్ని చూసినట్టు.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన మాట. మూల చోటు దక్కిందా అని. చీటీలు వేశారు, దక్కింది. గుమ్మం పక్కన, సముద్రం వైపు, పొగగొట్టం ఉన్న ఒకే ఒక్క చోటు. ఓడ పని మానేశాక పొయ్యి పెట్టి సార్డీన్ చేపలు వేయించి అమ్ముతానని నువ్వు కలలుగన్న ఆ చోటు నా పేరు మీదే వచ్చింది. దాన్ని నేను వదులుకున్నాను.

ఫోన్‌లో చెబితే అరుస్తావని కాగితం మీద చెబుతున్నాను. తోంకా పక్క బండ లూక్షా అనే కొత్తాయనకు వచ్చింది. మార్చుకుందామా అని నేను అడగడమే ఆలస్యం, నా మనసు మారేలోగా సంతకం పెట్టేశాడు.

మరమ్మతులు జరిగినంత కాలం మమ్మల్ని రేవు దగ్గర గుడారాల్లో పెట్టారు కదా, నన్ను ఈ చివర, తోంకాను ఆ చివర. ఆ చలికాలాల్లో నేను ఎంత ఒంటరిదాన్నయ్యానో నీకు రాయలేదు. చేప తాజాదేనా అని అడిగేవాళ్ళే గానీ, "ఏమే నెవెన్కా, రాత్రంతా ఏడ్చావా ఏంటి, మొహం అలా ఉబ్బింది?" అని అడిగే మనిషి లేదు. తోంకా ఏది అడిగినా తిట్టులో చుట్టే అడుగుతుంది. కానీ అడుగుతుంది.

తెరిచిన రోజు పొద్దున నేను బుట్టలతో రావడం చూసి ఆమె కత్తి కింద పెట్టింది.

"ఏమే, దారి తప్పావా? నీ రాజభోగం ఆ మూల కదా!"

"అక్కడ గాలెక్కువ."

"ఆ గాలి బుర్రలోకి కూడా పోయిందా? షిమెకు తెలిస్తే ఓడలోంచి దూకేస్తాడు!"

"దూకితే నీ బుట్టలోనే పడతాడులే. నిన్నటి సరుకును నేటిదని అమ్మడం నీకలవాటేగా."

"ఆ ముసలాణ్ణి ఎవరు కొంటారే! మంచులో పెట్టినా నిలవుండడు."

కొనడానికొచ్చినవాళ్ళు పకపకా నవ్వుతూ చుట్టూ మూగారు. తోంకా అటు తిరిగి గట్టిగా ముక్కు చీదింది. తర్వాత నన్ను అడగనైనా అడగకుండా, బకెట్లో వేడినీళ్ళు పట్టి నా బండ కడిగింది. తన బండ అప్పటికింకా కడుక్కోలేదు.

షిమె, ఏడాదిలో ఎక్కువ నెలలు నీకు సముద్రం ఉంది, నాకు ఆ మనిషి ఉంది. నీ పొయ్యిని నిన్ను అడక్కుండా నేనే ఆర్పేశాను. కోపం తెచ్చుకో, న్యాయమే. కానీ అంత దూరం నుంచి వద్దు. ఇంటికొచ్చి, మా రెండు బండల మధ్య నిలబడి కోప్పడు. ఒక మనిషి పట్టేంత సందు ఉంది, అది చూసుకునే సంతకం పెట్టాను.

ఇట్లు,
మూల పోగొట్టినా నీదే అయిన భార్య,
నెవెన్కా