ఇరవై ఒక్క రోజుల్లో హింగానోకి అంకెలు

జనవరి 7, మంగళవారం. మొదటి రోజు.

ప్రతిజ్ఞ: మా అక్క కూతురు హింగానోకి, వయసు అయిదు, ఇరవై ఒక్క రోజుల్లో లెక్కపెట్టడం నేర్పి తీరుతాను!

27న ఒకటో తరగతి పరీక్ష. పది వస్తువులు ముందు పెట్టి ఎన్ని అంటారు. చెప్పలేకపోతే జట్టు పిల్లలంతా పెద్దబడికి, ఇది ఒక్కతే మళ్లీ చిన్నపిల్లల బడికి. "దీని బుర్రలో అంకెలు లేవు" అన్నదట అక్కడి ఆయా. ఆవిడ బుర్రలో ఏమున్నాయో ఎవరూ అడగరు.

పిల్లలకి లెక్కలు నేర్పడం మీద కరపత్రాలు మూడు తెప్పించుకుని నాలుగేసిసార్లు చదివాను. నియమాలు:

1. అరవకూడదు.
2. బిస్కెట్ల లంచం ఇవ్వకూడదు.
3. ఇంట్లో ఉన్న వస్తువులతోనే పాఠం (నాలుగో పేజీ). పెన్సిళ్లు, ప్లాస్టిక్ బిళ్లలు పెద్ద దేశాలవాళ్లు మనకి అంటగట్టిన సరుకు. మన హాపాయ్ దీవుల పిల్లకి మన కొబ్బరికాయ చాలు!

ఉదయం 7.00: ప్రారంభం.
7.04: హింగానో నా కుర్చీ లాక్కుంది. మా టోంగావాళ్లలో మేనకోడలంటే మేనమామకి పైమెట్టు. అడిగింది ఇవ్వాలి, పల్లెత్తు మాట అనకూడదు. ఈ పాతచింతకాయ పచ్చడి మీద నేనే ఒక కరపత్రం రాస్తాను. ప్రస్తుతం నేల మీద కూర్చుని రాస్తున్నాను.

జనవరి 8.

పది కాయలు పెట్టాను.
"ఎన్ని?"
"అయిదు."
"మళ్లీ చూడు."
"అయిదే, మావయ్యా."

ఎనిమిది పెట్టాను. నాలుగంది. కళ్లకి సగమే ఆనుతోందా? లేదు, దూరంగా కంచె మీద పిట్టని చూపిస్తోంది. సహనం! శాస్త్రానికి సహనం కావాలి.

జనవరి 10.

పడవకి కాయలు వేసే రోజు. మా అమ్మ మెలెఆనే చేతికొకటి చొప్పున రెండేసి కాయలు బస్తాలోకి విసురుతుంది. జతకి ఒక అంకె. పక్కన హింగానో అందిస్తూ కూచుంది.

"లోకమంతా ఒకటీ రెండూ మూడూ అంటుంటే నీకీ జతలేమిటమ్మా? ఇలాగే వెనకబడిపోతున్నాం!"

"దేవుడు రెండు చేతులిచ్చాడు నాయనా. నీకొక్కడికే వాటితో పాటు ఇంత నోరిచ్చాడు. అది కాస్త మూసి, ఈ బస్తా ఎత్తు."

పిల్ల ఎందుకు పాడవుతోందో అర్థమైంది. ఇంటి వాతావరణం!

జనవరి 13.

ఆరు కాయలు. "మూడు" అంది. కొద్దిగా స్వరం పెంచాను. దాన్ని అరుపనరు, ఉద్ఘాటన అంటారు.

పాఠం అయ్యాక: "మావయ్యా, ఇవాళ నాలుగుసార్లు అరిచావు."

పొగరు. ప్రగతి: సున్నా.

జనవరి 16.

బిస్కెట్ల పొట్లం తెచ్చాను. లంచం కాదు, ప్రోత్సాహకం. రెండింటికీ చాలా తేడా ఉంది. పొట్లం మొత్తం హింగానో తీసేసుకుంది (పైమెట్టు!). తెరిచి చూసి, "తొమ్మిది ఉండాలి, ఏడే ఉన్నాయి. రెండు నువ్వు తిన్నావు" అంది.

మేనమామని పట్టుకుని దొంగ అంటుందా! ప్రగతి: సున్నా.

జనవరి 19, ఆదివారం.

చర్చి. ఇవాళ ఎవరూ పని చేయకూడదు. అజ్ఞానం మాత్రం సెలవు తీసుకోదు.

జనవరి 20: గాలివాన.
జనవరి 21: వాన లేదు. కానీ నేల తడి.
జనవరి 22: పాఠం లేదు, అంతకన్నా పెద్ద పని చేశాను. బడికి అర్జీ! 'మా పిల్లలని పరాయి పెన్సిళ్లతో పరీక్షించి అవమానించడం మానండి, కొబ్బరికాయలతో పరీక్షించండి.' నాలుగు పేజీలు. హెడ్మిస్ట్రెస్ లెసియెలి సరే అంది! పోరాటంతోనే ఏదైనా సాధ్యం.

జనవరి 25, శనివారం.

పది కాయలు. "అయిదు."
పది కాయలు. "అయిదు, మావయ్యా."
పది కాయలు.

"నీ బుర్రలో అంకెలు లేవు!" అనేశాను.

ఆయా మాట. నా నోట.

ఇవాళ ఎన్నిసార్లు అరిచానో హింగానో చెప్పలేదు. లేచి, కుర్చీ నా వైపు జరిపి వెళ్లిపోయింది. అందులో కూర్చున్నాను. కూర్చోబుద్ధి కాలేదు.

జనవరి 27, సోమవారం. పరీక్ష.

ఉదయం 9.00: పట్నం నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ పది కాయలు పేర్చింది. నా అర్జీ ప్రకారమే.

"ఎన్ని పాపా?"
"అయిదు."

టీచరమ్మ కాగితం మీద అడ్డంగా గీత పెట్టింది.

నేను లేచాను. పరీక్షా విధానం గురించి, పట్నంవాళ్ల గురించి, ఆయా గురించి మాట్లాడాను. గదిలోంచి లెసియెలి బయటికొచ్చింది.

"ఏమిటా గోల, సితివేనీ?"

"మావయ్య ఆరుసార్లు అరిచాడు" అంది హింగానో.

లెసియెలి ఆగింది. నన్ను చూసింది, పిల్లని చూసింది. మేజా మీది పెన్సిళ్లు తీసి ముందు పెట్టింది.

"ఇవెన్ని?"
"పన్నెండు."
"మరి ఆ కాయలు?"
"అయిదు జతలు. కొబ్బరికాయల్ని ఎవరైనా ఒక్కొక్కటీ లెక్కపెడతారా?"

లెసియెలి పగలబడి నవ్వింది. "మెలెఆనే మనవరాలివి కదూ! వచ్చే సోమవారం నుంచి పెద్దబడికి రా." తర్వాత నా వైపు తిరిగింది. "పెన్సిళ్లయితే నిమిషంలో తేలిపోయేది. కాయలు పెట్టమని నాలుగు పేజీలు రాసిందెవరో?"

అర్జీ మీద నా సంతకం ఉంది.

"పెరట్లో బడి విందుకి కాయల గుట్ట ఉంది. పండితుడివి, లెక్కపెట్టి చెప్పిపో."

ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఎనభై మూడు దగ్గర పిట్ట అరిచింది. ఎనభై మూడా, ఎనభై నాలుగా? మళ్లీ మొదటినుంచి. పిల్లల తల్లులంతా కిటికీల దగ్గర. ఈలోపు హింగానో రెండేసి విసిరి లెక్కపెడుతూ గుట్ట అటునుంచి ఇటు మార్చేసింది.

జనవరి 28, మంగళవారం. మొదటి రోజు.

కొత్త ప్రతిజ్ఞ: ఇరవై ఒక్క రోజుల్లో జతల లెక్క నేర్చుకుని తీరుతాను! గురువు: హింగానో.

ఉదయం 7.00: కుర్చీ తుడిచి వేశాను. ఎక్కి కూర్చుంది.
7.05: కాయలు మరీ జోరుగా విసురుతోంది. వివరణ లేదు, పాఠ్యప్రణాళిక లేదు, పునశ్చరణ లేదు. ఈ పిల్లకి లెక్క వచ్చు కానీ బోధన బొత్తిగా రాదు!
7.09: కరపత్రం నాలుగో పేజీ తెచ్చి ముఖం ముందు పెట్టాను. "ముందు ఇది విను, తర్వాత నేర్పు!" అన్నాను. కాస్త గట్టిగానే.

హింగానో చేతిలో జత కింద పెట్టి ఒక వేలు మడిచింది.

"ఒకటి."