రెండంతస్తుల పునాది

మెదక్ జిల్లా, జహీరాబాద్ నివాసి, మహాదేవప్ప కుమారుడు గురులింగప్ప, వయసు అరవై ఆరు, రాయించిన వీలునామా. నా ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ మతి చెడలేదు. ఎవరి ఒత్తిడీ లేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు సదాశివ గారిది.

1. బస్టాండు వెనక నా స్వార్జితమైన భవనం కొడుకు బస్వరాజుకు చెందుతుంది. అయితే మూడో అంతస్తులో మిగిలిన భాగాన్ని, నేను చనిపోయిన నెల రోజుల్లోపు కూల్చేయాలి. మళ్లీ కట్టకూడదు.

కారణం చెబుతాను. 1978లో ఆరు కుటుంబాలు అద్దెకుండేలా రెండంతస్తులు కట్టాను. తర్వాత ఫ్యాక్టరీ పనులకు జనం వచ్చారు. ఊళ్లో పెంకుటిళ్లు విప్పి అంతస్తులు లేపడం మొదలైంది. 1985లో నేనూ మూడోది లేపబోతే, పునాది వేసిన మేస్త్రీ నర్సింలు అడ్డుపడ్డాడు. "పటేలా, గీ పునాది రెండింటికే ఏసిన. మూడోది మొయ్యది" అన్నాడు. అతన్ని మాన్పించి వేరేవాళ్లతో కట్టించాను.

మరుసటి ఏడు ఆగస్టు వానలకు వెనక గోడ కుంగి స్లాబు కూలింది. అద్దెకున్న నారమ్మ పొయ్యి దగ్గరుండి, దాని కింద చనిపోయింది. నర్సింలు పునాదిలో సిమెంటు తగ్గించాడని ఠాణాలో చెప్పాను. అది అబద్ధం. అతను ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. తర్వాత ఎవరూ అతన్ని పనికి పిలవలేదు.

2. నారమ్మ కూతురు యాదమ్మ ఇప్పుడు తండ్రితో ఉంటున్న కింది వాటా ఇకపై ఆమె సొంతం. బస్వరాజూ, ఉన్నదంతా పడగొట్టి నాలుగంతస్తుల ఫ్లాట్లు వేయడానికి నువ్వు హైదరాబాదు బిల్డరుతో రాయించుకున్న కాగితం నేను చూశాను. యాదమ్మను కదిలిస్తే భవనమంతా ఆమెకే పోతుంది.

3. భార్య కమలమ్మకు న్యాల్‌కల్ దారిలోని అల్లం చేను. మూడో అంతస్తు వద్దని ఆమె కూడా అంది. నేను వినలేదు. నా ఉన్ని శాలువా కూడా ఆమెకే. ఆమె చలికి ఓర్వలేదు.

4. నర్సింలుకు మొగుడంపల్లి దారిలోని ఇంటిస్థలం. మొన్న పిలిపించి ఈ స్థలం సంగతీ, నా అబద్ధాన్ని ఇందులో ఒప్పుకుంటున్న సంగతీ చెప్పాను. అతను కూర్చోలేదు. "నాకు జాగ వద్దు. నువ్వు సచ్చినంక చెప్తే నాకేం ఫాయిదా? బతికున్నప్పుడే ఠాణల జెప్పు" అని వెళ్లిపోయాడు. ఠాణా మా వీధి చివరే. చెప్పులు తొడుక్కుని గుమ్మం దాకా వెళ్లాను. అక్కడి నుంచే తిరిగొచ్చాను.

5. అందుచేత నా శవాన్ని లేపకముందే సదాశివ గారు దీన్ని భవనం ముందు, అద్దెదార్లందరూ వినేలా చదవాలి. నకలు ఠాణాలో ఇవ్వాలి. పిమ్మట నర్సింలు వాకిట్లో నిలబడి మరోసారి చదవాలి. అతను తలుపు తీయకపోయినా సరే, చివరిదాకా చదవాలి.

జహీరాబాద్, 14 నవంబరు 1988
(సంతకం) గురులింగప్ప

సాక్షులు:
రేవణసిద్ధప్ప, అల్లం వ్యాపారి
ఎంకయ్య, లారీ డ్రైవరు