చెట్టుకు రెండు బిందెలు

ఏప్రిల్ నెల, బుధవారం రాత్రి

బోరు ఎండిపోయాక మామిడితోటకు ఇవాళే మొదటి ట్యాంకరు వచ్చింది, పూతలపట్టు నుంచి. పదివేల లీటర్లు. చెట్లు నాలుగు వందలు.

"చెట్టుకు ఎంత వస్తాదో లెక్క సూడు పాపా," అన్నాడు నాయన.

పొద్దున ఎనిమిదో తరగతికి చెప్పిన ప్రామాణిక రూపంలోనే, గట్టుమీద కూర్చుని చేశాను. 10⁴ ని 4 × 10² తో భాగించాలి. ఘాతాంకాలు తీసివేస్తే రెండు మిగిలింది, ముందు 0.25 వచ్చింది. ముందుండే సంఖ్య ఒకటికి తగ్గకూడదు కదా, దశాంశ బిందువు జరిపి 2.5 × 10¹ చేశాను. పిల్లలు ఎప్పుడూ తప్పేది ఇక్కడే. నేను తప్పలేదు. బిందువు జరిగింది గానీ నీళ్ళు పెరగలేదు. ఇరవై ఐదు లీటర్లు.

"రెండు బిందెలా? నాలిక తడవడానికి గూడా చాలదు గదమ్మా," అన్నాడు. అయినా పైపు పట్టుకుని మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాడు.

నెర్రెల్లోకి నీళ్ళు బుడబుడమంటూ దిగిపోతున్నాయి. "చాలు నాయనా, పక్కదానికి పట్టు," అన్నాను. ఆయన కదల్లేదు.

"తాగతా ఉండాది పాపా. తాగేదాని నోటికాడ నుంచి ఎట్ట లాగేది?"

ప్రతి చెట్టు దగ్గరా అంతే. తోటలో సగం కూడా తడవకముందే ట్యాంకరు ఖాళీ అయింది. నాయన పైపు దులిపి చుట్టేశాడు. మిగిలిన చెట్ల వైపు చూడలేదు.

రేపు క్లాసులో ఈ లెక్కే ఇద్దామనుకున్నాను. ఇవ్వను. పిల్లలు తప్పు చేస్తే దిద్దగలను. సరిగ్గా చేస్తే ఏం చెప్పాలి?