స్టిక్కు దూరే లేతు

కరీంనగర్, 12 ఫిబ్రవరి 2024. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, గోధుమలు పట్టించాను. బియ్యం చెరగడం మిగిలింది.

మహమూద్ భాయికి హఫీజా సలాం. మేం కొన్న లేతు, అదే చెక్కను తిప్పి నునుపు చేసే మిషన్, పని చేస్తోంది, ఫికర్ పెట్టుకోకండి. పూల్ ఆట క్లబ్బు ఓంప్రకాశ్ సేటు ఇచ్చిన, బంతిని కొట్టే స్టిక్కును మా ఆయన చేతి డ్రిల్లుతో రిపేరు చేయబోయి పాడుచేశారు కదా. బదులు స్టిక్కు తిన్నగా వస్తేనే మళ్లీ పని ఇస్తానన్నాడు సేటు.

లేతు కొనడానికి పెద్దపల్లి వెళితే, మా ఆయన పెద్ద మిషన్ చూసి మురిసిపోయారు. నేను వెంట తీసుకెళ్లిన స్టిక్కును దాని తిరిగే ఇరుసు రంధ్రంలో పెడితే సగంలోనే ఆగింది. అమ్మే వెంకటి నవ్వాడు.

“గిది లేతు మిషన్ అక్కా, గాజుల దుకాణం కాదు.”

“గాజైనా గిదైనా పట్టాలె గదా తమ్మీ. పట్టకపోతే కొంటపోయి ఏం జేసుకోను?”

పక్కనున్న చిన్నదాంట్లో సాఫీగా దూరింది. అదే తెచ్చాం. తిప్పితే మాత్రం స్టిక్కులో వెనక బయటికొచ్చిన భాగం కొరడాలా కొట్టుకుంది. అక్కడ చెక్క రింగు బిగించి, లోపల మెత్తటి ఉన్ని నమ్దా అంటించాం. అదురు ఆగింది.

మీ ఫర్నిచర్ షాపులో మిగిలే జిట్రేగి చెక్క ముక్కలు పంపండి, స్టిక్కు పిడికి కావాలి. పచ్చివి వద్దు, వంగుతాయి. అమ్మీ మోకాలి నొప్పి తగ్గిందా? యుమ్నా పరీక్ష ఫీజు కట్టారా? వదినకు సలాం, పిల్లలకు దువా.

ఇవాళ సేటు మేం చేసిచ్చిన కొత్త స్టిక్కును టేబుల్ మీద దొర్లించాడు. ఎక్కడా ఎగరలేదు. “యూనుస్ భాయ్, మూలకున్న గా విరిగినయి గూడ తీస్కపో” అన్నాడు మా ఆయనతో. సేటుకు మేం బాకీ ఉన్న స్టిక్కు చెల్లు.