టోపీ తీసి అడిగిన ప్రశ్న

సెంటెత్యెన్, సోమవారం

అక్కా, నేను కులాసా. ఒంటరిగా ఇంకా ఎన్నాళ్లుంటావని పోయిన ఉత్తరంలో దిగులుపడ్డావు. ఇక ఆ దిగులు వద్దు. నిన్న మా కార్మికుల సభలో తత్వశాస్త్రం మాస్టారొకరు మనిషి చేసే పనుల గురించి మాట్లాడారు. ఏమీ చేయకుండా ఆగడం కూడా ఒక పనేననీ, దానికీ ఫలితం ఉంటుందనీ అన్నారు. సభల్లో ఎన్నడూ నోరు విప్పని నేను, మింగుడుపడక లేచి, "ఊరికే ఆగినవాడు ఎవరికి ఏం చేసినట్టండీ?" అని అడిగాను. ఆయన బదులిచ్చేలోగా వెనక బల్ల మీంచి ఇస్త్రీ కొట్టావిడ ఓదిల్ గారు అందుకున్నారు.

"అది నన్నడగండి, ఎమెరి గారూ! మూడేళ్లుగా మా గుమ్మం ముందు ఆగి, వాన వస్తుందా అని అడిగి వెళ్లిపోతున్నారు. మీ కోసం, నన్ను పెళ్లికి అడిగిన ఇద్దర్ని కాదన్నాను. ఆ ఫలితం నాకు కాక ఇంకెవరికి?"

సభంతా గొల్లుమంది. నా ముఖం కందిపోయింది, కానీ కూర్చోలేదు. "అయితే నన్ను పెళ్లి చేసుకుంటారా?" అన్నాను.

"ముందు ఆ టోపీ తీసి అడగండి," అన్నారావిడ.

తీసి అడిగాను. సరేనంది! మాస్టారు ఉపన్యాసం అక్కడితో ఆపి, కిందికి దిగివచ్చి నాతో చేయి కలిపారు.

పెళ్లి ఈస్టర్ తర్వాతి శనివారం. నాన్న నల్లకోటుకు పురుగు పట్టలేదు కదా? ఎండలో వేసి తీసుకురా. అమ్మ ఉంగరం మరిచిపోకు. ద్రాక్షసారా పీపా కారడం ఆగిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ప్రయాణానికి వెనకాడుతూ కూర్చోకు అక్కా. కూర్చోవడం కూడా పనేనట.

నీ తమ్ముడు ఎమెరి