శాలువా సంగతి

అత్తయ్యగారికి నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను. అందరం అంటే నేనొక్కణ్ణే కాబట్టి, నేను క్షేమం. మీ మోకాలినొప్పి కాస్త నెమ్మదించిందని తలుస్తాను. కొత్త మందు ఆపకండి.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. వంట చేసుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు రెండుసార్లు పడుతోంది, ఒకరోజు అసలు పడటం లేదు. మొత్తం మీద సరిపోతోంది. నిద్ర పడుతోంది. మీ దగ్గరికొచ్చి నాలుగు రోజులు ఉండమన్నారు. సెలవు దొరకదు. ఎందుకు దొరకదో కింద రాస్తాను. శాలువా సంగతి మళ్ళీ అడిగారు. అదీ రాస్తాను.

"చల్లటి గదిలో ఉద్యోగమేగా, మనిషివి ఎందుకలా పాలిపోయావు నాయనా" అన్నారు. ఆ గది గురించి మీకు ఎప్పుడూ చెప్పలేదు. పాత దస్తావేజులు, పటాలు, చేతిరాత కట్టలు దాచే గది అది. కిటికీలు లేవు. వెలుతురు తగిలితే సిరా వెలిసిపోతుంది. తలుపు మనం వదలగానే దానంతటదే మూసుకుంటుంది. గాలి ఒక గొట్టంలోంచి పోయి, ఫిల్టర్లలో వడపోసుకుని, ఇంకో గొట్టంలోంచి దాదాపు అదే గాలి తిరిగొస్తుంది. తేమ ఎక్కువైతే కాగితానికి బూజు. తక్కువైతే ఎండుటాకులా విరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో గదిని నిలబెట్టడమే నా పని. మీ అమ్మాయి అనేది: "కాగితాలకి జలుబు చేస్తుందేమోనని కంగారు పడతారు. నేను తుమ్మితే మాత్రం తలెత్తరు." నిజమే. ఎత్తేవాణ్ణి కాదు.

మా దగ్గర గాలి యంత్రాలు చూసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ గాలిబాబాయి అంటారు. ఆయనకు నేను గురువుగారిని. బయటినుంచి ఏ వస్తువొచ్చినా ముందు పక్కగదిలో ఆరబెట్టి, పరీక్షించి గానీ లోపలికి చేర్చకూడదన్న నియమం పెట్టింది నేనే. దానికి ఆయన నవ్వేవాడు. "గురువుగారింటికి చుట్టాలొచ్చినా అంతే. ముందు వరండాలో ఆరబెడతారు, ఆ తర్వాతే మంచినీళ్ళు."

ఈ వానల్లో గదిలో బూజు వాసన మొదలైంది. చివరి అరల దగ్గర కట్టల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. డైరెక్టరుగారు మమ్మల్నిద్దర్నీ అక్కడే నిలబెట్టి అడిగారు.

"ఫిల్టర్లు మార్చావా?"

"మార్చానండీ. తేమ మీటరు చూడండి, ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. నా యంత్రం తప్పు కాదు. ఏదో బయటినుంచి వచ్చింది."

"కిటికీ లేని గదిలోకి బయటినుంచి ఎలా వస్తుందయ్యా? కాళ్ళొచ్చి నడిచిందా?"

"కాళ్ళున్నవాళ్ళే తెచ్చుంటారండీ."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"చూడాలండీ" అన్నాను.

కారణం తేలకపోతే ఈ నెలాఖరుతో యంత్రాల పని ఇంకొకరికి ఇచ్చేస్తామని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. గాలిబాబాయి మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. "గురువుగారి ముక్కుందిగా. పట్టేస్తారు."

పట్టవలసిన పని లేదు అత్తయ్యా. నాకు తెలుసు.

మీరు అల్లి పంపిన ఊదారంగు శాలువా ఆసుపత్రిలో చివరిదాకా మీ అమ్మాయి భుజాల మీదే ఉంది. ఇంటికి తెచ్చాక ఉతకలేదు. మా ఇంటి గోడలు వానాకాలం చెమరుస్తాయి. అక్కడ ఉంచితే తన వాసన పోతుందనిపించింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాను. కట్టలు దాచే అట్టపెట్టె ఒకటి తెచ్చి, అందులో పెట్టి, దస్తావేజుల గదిలో చివరి అరలో చేర్చాను. పక్కగదిలో ఆరబెట్టలేదు. ఆరబెడితే ఏది దాచాలనుకున్నానో అదే పోతుంది. చెమ్మగా ఉన్న ఊలును సంచిలో మూస్తే ఏమవుతుందో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా నేనే.

రోజూ అందరూ భోజనానికి వెళ్ళాక లోపలికి పోయి సంచి మూతి విప్పేవాణ్ణి. కాసేపు ముఖానికి ఆనించుకుని మళ్ళీ బిగించేవాణ్ణి. విప్పినప్పుడల్లా లోపలి బూజు గాలిలో కలిసింది. కొంత ఫిల్టర్లలో ఆగింది. కొంత కట్టల మీద వాలింది. కొన్నాళ్ళకు సంచిలో మీ అమ్మాయి వాసన పోయి బూజు వాసనే మిగిలింది. అది తెలిసీ విప్పాను. నిజం చెబితే శాలువా చేజారుతుంది. చెప్పకపోతే గాలిబాబాయి బతుకు పోతుంది. తెల్లారితే అదే గది, అదే తలుపు, అదే ఆలోచన. ఊపిరాడేది కాదు.

అప్పుడు మీ కిందటి ఉత్తరం వచ్చింది. "దాని శాలువా ఉతక్కుండా పంపు నాయనా. ఒక్కసారి పట్టుకుంటాను." ఆ శాలువా మీద నాకంటే ముందు హక్కున్నవాళ్ళు ఒకరున్నారని అప్పటిదాకా నాకు తోచనేలేదు.

మర్నాడు ముందు గాలిబాబాయి దగ్గరికి వెళ్ళాను. వెనక పంపు దగ్గర, కడిగిన ఫిల్టర్లనే మళ్ళీ కడుగుతున్నాడు.

"బాబాయ్, ఆ బూజు నేను తెచ్చిందే" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. మొత్తం చెప్పాను.

"అమ్మగారి శాలువానా?"

"అవును."

పంపు కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. "నా పొట్ట మీద కొడుతుంటే పక్కన నిలబడి 'చూడాలండీ' అన్నావు. అడిగితే నా యంత్రాల గదిలో నేనే దాచేవాణ్ణి కదా, పొడిగా, ఎవరికీ తెలియకుండా. అడగలేదు నువ్వు."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు.

అక్కణ్ణుంచి వెళ్ళి డైరెక్టరుగారికీ అంతా చెప్పాను. విన్నాక, "ఆ గుడ్డ తగలబెట్టించండి" అన్నారు.

"అది నాది కాదండీ. మా అత్తగారిది" అన్నాను.

గాలిబాబాయి ఉద్యోగం నిలబడింది. నా ఉద్యోగం కూడా పోలేదు, కానీ బూజు తగిలిన కట్టలన్నీ నేనే శుభ్రం చెయ్యాలి. అయ్యేదాకా సెలవు లేదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తటి కుంచెతో, కాగితం తర్వాత కాగితం. ఎన్నాళ్ళకు తెములుతుందో తెలియదు. గాలిబాబాయి మీటరు చూడటానికి వస్తాడు. ముల్లు చూస్తాడు. పోతాడు. తలుపు మూసుకుంటుంది. గురువుగారూ అన్న పిలుపు లేదు.

శాలువా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఉతక్కుండా పంపమన్నారు. ఉతికాను. ముందు ఎండలో దులిపి ఆరబెట్టాను. తర్వాత సబ్బు పెట్టి చేత్తోనే ఉతికాను. ఒక అంచున మచ్చ పోలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టలేదు, నూలుగుడ్డలో చుట్టాను.

పార్సిలు విప్పగానే మీరూ ముఖానికి ఆనించుకుంటారని తెలుసు. సబ్బు వాసన తప్ప ఏమీ ఉండదు. మీకు రావలసినది కూడా నేనే పీల్చేశాను.

ఇట్లు,
జవాబు రాయమని అడగలేని
మీ అల్లుడు